చిన్నకోడలి పొయ్యి

పాప పుట్టిన ఏడాదే నా ఎం.ఫిల్. గడువు కూడా దగ్గరపడింది. ప్రసవం పేరు చెప్పి ఒకసారి పొడిగింపు తీసుకున్నాను. రెండోసారి ఇవ్వడం కుదరదని విశ్వవిద్యాలయం ఆఫీసులో ముందే చెప్పేశారు. వేసవి సెలవులు ముగిసేలోగా థీసిస్ ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్ళీ చేరతానని ఇంట్లో అడిగే ధైర్యం నాకు లేదు. చంకలో పిల్ల ఉన్న మనిషికి ఆ చదువు దేనికని ఎవరూ పైకి అనలేదు. అడిగితే అంటారని మాత్రం తెలుసు.

ఇది జరిగి రెండు మూడేళ్ళయింది. ఇప్పుడు పాప నా పక్కనే పడుకుని ఉంది. సాయంత్రం నుంచి కొంచెం దగ్గుతోంది. దాని ఊపిరి వింటూ కూర్చుంటే నిద్ర రావడం లేదు. ఊరికే బెంగపడుతూ కూర్చోవడం కంటే మా గైడు గురించి రాద్దామనిపించింది.

ఆమెను మేమందరం మేడం అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. తెల్లటి నేత చీర, మెడలో సన్నటి గొలుసు, చేతికి నల్ల పట్టీ గడియారం. ఆదివారం చర్చి నుంచి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా డిపార్టుమెంటుకు వచ్చి కూర్చున్న రోజులు కూడా ఉన్నాయి. మా డిపార్టుమెంటులో లెక్కలు కట్టి, పట్టికలు గీసి, శాతాలు తేల్చే పరిశోధనకే గౌరవం. మనుషుల మధ్య కూర్చుని, వాళ్ళ మాటలు విని, వాళ్ళు చేసేది చూసి, రాసుకుని, అందులోంచి అర్థం తీసే పద్ధతి మేడంది. మిగతా మాస్టర్లు దాన్ని 'కబుర్ల రీసెర్చి' అని నవ్వేవారు. ఆ మాట మేడం చెవిన పడనే పడింది. "కబుర్లు సరిగ్గా వినడం ఎంత కష్టమో వాళ్ళకి తెలీదులే" అని ఊరుకున్నారు.

నా పరిశోధన విషయం చెప్పాలి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ చేసి, కూర్మన్నపాలెం చుట్టుపక్కల కొత్త కాలనీల్లోకి వచ్చిన కుటుంబాల గురించి. పాత ఊళ్ళో ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ములు కొత్త చోటికి వచ్చాక కలిసే ఉన్నారా, వేరు పడ్డారా అన్నది నేను తేల్చాల్సిన ప్రశ్న.

ముందుగా, ఇలాంటి విషయం మీద ఇదివరకు ఎవరేం రాశారో చదవాలి. పాప కడుపులో ఉన్నప్పుడే లైబ్రరీలో కూర్చుని ఆ పని మొదలుపెట్టాను. చదివిన ప్రతిదానికీ ఒక కార్డు రాసుకోమన్నారు మేడం. "ఒకవైపు ఆ రచయిత ఏం చెప్పాడో రాయి. రెండోవైపు, అది అతనికి ఎలా తెలిసిందో రాయి. రెండోవైపు రాయడానికి ఏమీ లేకపోతే మొదటివైపుని తొందరపడి నమ్మకు." నేను శ్రద్ధగా రాసేదాన్ని. కాకపోతే రెండోవైపు చాలా కార్డుల మీద ఒకే ముక్క పడింది: ప్రశ్నలు అడిగి తెలుసుకున్నారు. అది రాసేశాక నా పని అయిపోయిందనుకునేదాన్ని.

ఆ కార్డులన్నీ పేర్చి ఒక అధ్యాయం రాసి మేడంకి ఇచ్చాను. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆవిడ ఇలా అభిప్రాయపడ్డారు, మరొకరు ఇలా గమనించారు. మర్నాడు మేడం ఆ కాగితాలు నా ముందు పెట్టి, "పెళ్ళిలో చదివింపులు చదివే ఆయన్ని ఎప్పుడైనా విన్నావా అమ్మా?" అన్నారు.

"విన్నాను మేడం."

"ఫలానా ఊరి నుంచి ఫలానా వారు ఇత్తడి బిందె, ఫలానా వారు గోడగడియారం. నీ అధ్యాయం అలాగే ఉంది. పెళ్ళి ఎవరిదో మాత్రం తెలియట్లేదు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడే మళ్ళీ అన్నారు, "వీళ్ళందర్నీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోబెట్టు. ఎవరు ఎవరి పక్కన హాయిగా తింటారు? ఎవరు ఎవర్ని చూసి విస్తరి ముందు నుంచి లేచిపోతారు? అది రాయి. రాస్తూ ఉంటే ఎవరూ కూర్చోని విస్తరి ఒకటి కనబడుతుంది. అక్కడ నువ్వు కూర్చోవాలి."

అలాగే కూర్చోబెట్టాను. చిత్రమేమిటంటే ఎవరూ లేచిపోలేదు. నేను చదివినవాళ్ళలో దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: ఊరు కదిలితే ఉమ్మడి కాపురం చెదురుతుంది, పొయ్యిలు వేరవుతాయి. నాకు సంతోషంగానే ఉంది. మేడం మాత్రం పెదవి విరిచారు. "అందరూ ఒకే మాట మీద ఉంటే నాకు కొంచెం భయం వేస్తుంది."

ఆ భయమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. అందులోనూ, నేను కాలనీలో అడిగితే వచ్చిన జవాబులు కూడా ఆ పుస్తకాలకు సరిగ్గా అతికినట్టు సరిపోయాయి.

ప్రసవానికి ముందే ఆ మొదటి విడత ఇళ్ళన్నీ తిరిగాను. చేతిలో ఫైలు, టైపు చేసుకున్న ప్రశ్నలు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక కుర్చీ తెచ్చి వేసేవారు, దాన్ని చీరకొంగుతో తుడిచేవారు, తర్వాత చేతులు కట్టుకుని నిలబడేవారు. అందులో ఒక ఇల్లు బాగా గుర్తు. పెద్దావిడ, ఆమె ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, పెద్దకొడుకు పిల్లలు. చిన్నకొడుక్కి కొత్తగా పెళ్ళయింది. కొడుకులిద్దరూ కట్టడం పనికి కూలికి వెళ్ళేవారు. పెరట్లో ఆ గోడ దగ్గర ఒక మట్టి పొయ్యి, ఈ గోడ దగ్గర ఒక మట్టి పొయ్యి.

"కలిసి వండుకుంటారా, వేరుగా వండుకుంటారా అండీ?" అని అడిగాను.

"వేరేనమ్మా, వేరేను. అదిగో పెద్దదాని పొయ్యి, ఇదిగో సిన్నదాని పొయ్యి. రాసుకో" అంది పెద్దావిడ. చిన్నకోడలు వెళ్ళి తన పొయ్యి పక్కన, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది.

రాసుకున్నాను. పక్కింట్లోనూ అంతే, ఎదురింట్లోనూ అంతే. ఆ కాగితాలతో ఒక అధ్యాయం తయారైంది. పాప పుట్టాక, ఆ అధ్యాయానికి మెరుగు పెట్టి టైపుకి ఇచ్చేస్తే చాలనుకున్నాను. మేడం ఒప్పుకోలేదు. "ఇంకోసారి వెళ్ళిరా. ప్రశ్నలు తీసుకెళ్ళకు. ఊరికే కూర్చుని రా."

ఆ సమయానికే మా అత్తగారు ఆడపడుచు పురిటికని పెందుర్తి వెళ్ళారు. పాపను చూసేవాళ్ళు లేరు. "ఎండలో, ఆ దుమ్ములో పిల్లని తిప్పుతావా?" అన్నారు మా ఆయన. ఆ మాట నాలో నేను అప్పటికే ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ వేసవి గడిచిపోతోంది. కాచి చల్లార్చిన నీళ్ళు ఫ్లాస్కులో, గ్రైప్ వాటరు, గుడ్డలు, టోపీ, అన్నీ ఒక సంచిలో సర్దుకుని, సీతమ్మధారలో బస్సెక్కాను. గాజువాక దాటేవరకూ పాప మొహం మీద తడిగుడ్డ తీయలేదు.

పెద్దావిడ నన్ను చూడగానే నోటి మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మో! ఆపీసరమ్మకి పిల్ల కూడా ఉందేటి! అప్పుడు సెప్పనేదేటి మరి, కడుపుతో ఉన్నానని?"

"మీరు అడగలేదు కదండీ."

"ఎలగడుగుతాం? నువ్వే అడగడానికి వత్తావు కదేటి!"

కోడళ్ళిద్దరూ పకపకా నవ్వారు. ఆమె పాపను నా చేతుల్లోంచి లాగేసుకుని, కాళ్ళు చాపి ఒళ్ళో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి పాలు పడతన్నావా, కాయితాలు పడతన్నావా? డొక్కలు సూడు ఎలగున్నాయో." ఆ రోజు నాకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. 'మీరు' అనడం కూడా మానేశారు. నేను గుమ్మంలో కూర్చుని, వాళ్ళు పాపను ఎత్తుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కున్నారా లేదా అని చూస్తూ ఉన్నాను.

అంతలో పాప పాక్కుంటూ పెరట్లోకి వెళ్ళింది. మరుక్షణం గుక్కపట్టి ఏడుపు. చిన్నకోడలు పరిగెత్తి ఎత్తుకుంది. వేలి మీద చిన్న రక్తపు చుక్క. నేను గుడ్డ కోసం సంచంతా కింద కుమ్మరించాను.

"ఏటీ అవ్వదు, కంగారడకు" అంటూ ఆ అమ్మాయి ఇంత పసుపు తెచ్చి అద్దింది. "పొదుగు మీదున్న పెట్ట కదా, పొడిసింది. దానికీ నీకు మల్లేనే పిల్లల బెంగ."

మర్నాడు ఉదయం పాపను ఎత్తుకునే మేడం గదికి వెళ్ళాను. అప్పుడే టీ వచ్చింది. నేను కాలనీలో ఏం విన్నానో చెప్పకుండా ముందు పాప వేలు చూపించాను.

"కోడి పొడిచింది మేడం. ఇంజెక్షన్ చేయించాలంటారా?"

మేడం కళ్ళజోడు సవరించుకుని వేలు చూశారు. "చేయించు, నీ మనసు కుదుటపడుతుంది. ఎలా పొడిచింది? కోళ్ళు పిల్లల్ని చూస్తే పారిపోతాయి కదా."

"గుడ్ల మీద కూర్చుందట మేడం. పొయ్యిలో. ఇది పాక్కుంటూ వెళ్ళి అందులో చెయ్యి పెట్టేసింది."

మేడం టీ కప్పు బల్ల మీద పెట్టేశారు. "ఎవరి పొయ్యిలో?"

"చిన్నకోడలి పొయ్యిలో."

"కోడి పొదగడానికి ఎన్నాళ్ళు కూర్చుంటుందో తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"మూడు వారాలు కదలదు. మరి ఆ అమ్మాయి అన్నం ఎక్కడ వండుతోందమ్మా?"

పాప నా జడ లాగుతోంది. నా టైపు కాగితాలన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందు కదిలాయి. ఎదురింటి రెండో పొయ్యి మీద చీపురు ఆనించి ఉండటం గుర్తొచ్చింది. పక్కింటి రెండో పొయ్యికి మసి లేకపోవడం గుర్తొచ్చింది. అవన్నీ నేను చూశాను. ప్రశ్నకు జవాబు కానివని రాసుకోలేదు.

మేడం గొంతులో ఎగతాళి లేదు. ఉత్సాహంతో ఆవిడ మొహం పదేళ్ళు చిన్నదైపోయింది. "నీ కార్డులు తియ్యి. రెండోవైపు చూడు. వీళ్ళందరికీ ఎలా తెలిసింది? నీలాగే, ఫైలు పట్టుకెళ్ళి అడిగితే తెలిసింది. ఫైలు చూస్తే ఆ ఇళ్ళల్లో ఎవరు గుర్తొస్తారు? నువ్వు వెళ్తే నీకోసం రెండో పొయ్యి చూపించారు. ఎందుకు చూపించారు?"

"మేడం, గడువు..." అన్నాను.

"గడువు నేను చూస్తాను, టైపు చేసే మనిషితో నేను మాట్లాడతాను. నువ్వు వెళ్ళు. కానీ దొంగని పట్టుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళకు. 'మీరు కలిసి వండుతారా?' అని కూడా అడగకు. అలా అడిగితే అవునో కాదో వస్తుంది, అంతే. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పు అని అడుగు. తర్వాత ఆగిపో. వాళ్ళు ఆగినా నువ్వు మాట్లాడకు."

చిన్నకోడల్ని అలాగే అడిగాను. ఆ అమ్మాయి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"నిన్నా? నిన్న ఏటుంది, ఎప్పట్లాగే. పొద్దున్నే లెగిసినాను. నాను నీల్లు తెచ్చినాను, అప్ప బియ్యం కడిగింది." తోడికోడల్ని ఆమె అప్ప అని పిలిచేది. "గంజి వార్సినాను. బావగోరూ మా ఆయినా తినీసి పనికెలిపోనారు. కూర మాడిపోనాదని అత్త తిట్టింది. నానొక్కర్తినే మాడిసినట్టు!"

"మరెవులు మాడిసినారు?" పెద్దకోడలు లోపల్నుంచి అరిచింది. "నాను నీకు అప్పజెప్పి సిన్నోడికి తానం సేయించడానికెల్లినాను. నువ్వు పక్కింటిదాన్తో కబుర్లాడతన్నావు కదేటి!"

"కబుర్లా? దాని మేక మనింట్లోకొచ్చిందని సెప్తన్నాను!"

"మేకకి అంతసేపు సెప్పాలేటి?"

నేను నవ్వేశాను. పెద్దావిడ నవ్వలేదు. ఒళ్ళో ఉన్న పాపను జో కొట్టడం ఆపి, నా చేతిలో పెన్ను వైపు చూసింది.

"ఇది కూడా రాత్తావా?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఊరు ఖాళీ చేసిన కుటుంబానికి ఒక్క పనే ఇస్తారు. పెళ్ళయిన కొడుకుని వేరే కుటుంబంగా లెక్కలోకి తీసుకుంటేనే చిన్నవాడు ఫ్యాక్టరీలో పని కోసం విడిగా పేరిచ్చుకోగలడు. పేరిచ్చి చాలాకాలమైంది, ఇంకా తేలలేదు. ఆఫీసు నుంచి చూడటానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది పొయ్యి.

"పెద్దోడికొచ్చీసింది, ఇయ్యాలో రేపో లోపలికెల్తాడు. సిన్నోడే మిగిలిపోనాడు. నీ కాయితం ఆల్లు సూసినారంటే ఏటి గతి?"

ఎవరూ చూడరండీ అని నోటి చివరిదాకా వచ్చింది. కానీ అది నిజమేనా? నా థీసిస్ కూడా ఆ లైబ్రరీలోనే, నేను కూర్చున్న బల్లకి ఎదురుగా ఉన్న అల్మారాలోకి చేరుతుంది. రేపు ఇంకెవరో కార్డు పట్టుకుని వచ్చి దాన్ని తీస్తారు. ఎవరైనా తియ్యొచ్చు. పెన్నుకి మూత పెట్టి, పాపను తీసుకుని వచ్చేశాను. బస్సులో ఆ దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. రాస్తే వాళ్ళ పిల్లవాడి పని పోవచ్చు. రాయకపోతే, తప్పని తెలిసిన అధ్యాయాన్నే టైపుకి ఇవ్వాలి, లేదా అసలు థీసిసే ఇవ్వకుండా ఊరుకోవాలి.

మేడంతో అదే చెప్పాను. ఆవిడ ఏదో ఒక దారి చెప్పేస్తారని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం, "ఇది నువ్వూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు. వాళ్ళ సంగతి వాళ్ళనే అడుగుదాం. నేనూ వస్తాను" అన్నారు.

డిపార్టుమెంటులో అంత పెద్ద హోదాలో ఉన్న మనిషి, నాతోపాటు కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చారు. ఆవిణ్ణి చూడగానే మళ్ళీ కుర్చీ వచ్చింది. "కుర్చీ బాగుంది, పాప పట్టుకుని నిలబడుతుంది" అని దాన్ని పాప ముందుకి జరిపి, ఆవిడ అరుగు మీద చతికిలబడ్డారు. తర్వాత నా చేత నేను రాసుకున్నదంతా తెలుగులో చదివించారు. మనం వాళ్ళ గురించి రాసింది వాళ్ళు వినాలి, కాదంటే దిద్దాలి. అది ఆవిడ పద్ధతి. అంతకుముందు పాఠంలో విన్నప్పుడు అదొక మర్యాద అనుకున్నాను.

చదువుతుంటే నా చెవులకే నా రాత ఎబ్బెట్టుగా వినబడింది. 'అత్తగారి అధికారం' అన్నచోట పెద్దకోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. "అదికారమా? అత్తకా? మా మరిది సెప్పులు తెమ్మంటే పరిగెడుతాది!"

"నోరుముయ్యి" అంది పెద్దావిడ, తనూ నవ్వుతూ.

అప్పుడు మేడం ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "వేరు పడటమంటే మీ దృష్టిలో ఏమిటండీ?"

పెద్దావిడ వెంటనే అందుకుంది. "ఆడికి పెల్లయిపోనాది. ఆడి కూలి డబ్బులు ఆడి పెల్లాం సేతిలో ఎడతన్నాడు. రేపు పిల్లో పిల్లోడో పుడితే ఆడే సూసుకోవాల. వేరు కాదేటి? కర్రలు దొరక్క ఒకసోట వొండుకుంతన్నాం గానీ."

"వేరయితే దీనికి జొరమొచ్చినప్పుడు గంజి నానెందుకు కాసినాను?" పెద్దకోడలు అడ్డుకుంది.

"నాను నీ పిల్లల గుడ్డలుతకనేదేటి?" అంది చిన్నకోడలు.

"ఉతికినావు. ఉతికినట్టు ఊరంతా సెప్పినావు."

అలా చాలాసేపు సాగింది. మేడం మధ్యలో తీర్పు చెప్పలేదు, సర్దలేదు, తల ఊపుతూ విన్నారు. ఎవరైనా మాట సగంలో ఆపేస్తే వాళ్ళ వైపు తిరిగి కూర్చునేవారు. అంతే, ఆ మాట పూర్తయ్యేది. నేను ఏళ్ళ తరబడి తరగతుల్లో నేర్చుకున్నదంతా ఆవిడ భుజం తిప్పడంలో ఉందనిపించింది.

చివర్లో, ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు అని మేడం వాళ్ళనే తేల్చమన్నారు. కూలి ఎవరి చేతికి వెళ్తుంది, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, బట్టలు ఎవరు కొంటారు, అన్నీ రాసుకోమన్నారు వాళ్ళు. కాలనీ పేరు వద్దు. వంట సంగతి, పొయ్యి సంగతి మాత్రం రాయొద్దు. ఎవరు అడిగినా చెప్పొద్దు. మేడం నా వైపు చూశారు. నేను పెద్దావిడకి మాటిచ్చాను.

ఇప్పుడిదంతా ఇలా రాయగలుగుతున్నానంటే, చిన్నకొడుకు పని సంగతి తేలిపోయి అతను చేరిన తర్వాత, వెళ్ళి ఆమెను అడిగాను. "ఇప్పుడు రాసుకో. ఆ కోడిని కూడా తినీసినాం" అంది.

ఆ రోజు తిరుగు బస్సులో మాత్రం నేను దిగులుగా ఉన్నాను. నాకు దొరికిన ఒకే ఒక్క గట్టి ఆధారం నా చేతుల్లోంచి పోయింది. మేడం కిటికీ పక్కన పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "విన్నావా, వాళ్ళలో వాళ్ళకే తేలలేదు" అన్నారు సంతోషంగా. "నువ్వు చదివినవాళ్ళందరూ పొయ్యిలు లెక్కపెట్టారు. వేరు అంటే ఏమిటని ఆ ఇంట్లోవాళ్ళని అడిగినట్టు లేదు. పొయ్యి గురించి ఒక్క ముక్క రాయకుండానే నువ్వది రాయొచ్చు."

రాశాను. పాప పడుకున్నప్పుడల్లా రాశాను. పాత అధ్యాయం పక్కన పెట్టేసి కొత్తది మొదలుపెట్టాను. ఒక ఇంట్లో మనుషులు ఏ విషయంలో కలిసి ఉన్నామనుకుంటారు, ఏ విషయంలో వేరనుకుంటారు, అడిగే మనిషిని బట్టి ఆ జవాబు ఎలా మారుతుంది. లైబ్రరీ అధ్యాయం కూడా మళ్ళీ రాశాను. ఈసారి ప్రతి కార్డునీ రెండోవైపు నుంచి మొదలుపెట్టాను. మేడం మాట ప్రకారమే టైపు చేసే ఆయన మిగతా పనులు ఆపి నాది చేసిపెట్టాడు. గడువులోపల థీసిస్ ఇచ్చాను. ఇక మిగిలింది వైవా.

పరీక్షకులు వేరే ఊరి నుంచి వచ్చారు. పెద్దాయన, మర్యాదస్థుడు. నా థీసిస్‌లో చాలాచోట్ల కాగితపు ముక్కలు గుర్తులు పెట్టుకుని వచ్చారు. పాపకి ఆ రోజు కొంచెం ఒళ్ళు వేడిగా ఉంది. సగం మనసు ఇంటి దగ్గరే ఉంది.

చాలా ప్రశ్నలు అడిగారు, చెప్పాను. తర్వాత ఒక గుర్తు దగ్గర ఆగారు.

"ఇంతమంది పెద్దలు వంటని కొలతగా తీసుకుని కుటుంబాలు వేరు పడ్డాయని చెప్పారు. మీరు ఆ కొలత సరిపోదంటున్నారు. చాలా పెద్ద మాట ఇది. దేన్ని బట్టి అంటున్నారు? మీరు ఏదో చూసి ఉండాలి."

"చూశానండి."

"ఏం చూశారు?"

మేడం నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ అందుకుంటారేమోనని చూశాను. ఆవిడ తన చేతి గడియారం పట్టీ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా ఉన్నారు. సాయం చేయకూడదనే అలా ఉన్నారని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క వాక్యం చెబితే ఆయనకు నమ్మకం కుదురుతుంది, నా చదువు పూర్తవుతుంది. ఆయన ఎక్కడో దూరం నుంచి వచ్చిన మనిషి, సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతారు. చెబితే ఏమవుతుంది? కానీ ఎవరు అడిగినా అని కదా ఆ పెద్దావిడ అంది.

"అది చెప్పనని వాళ్ళకి మాటిచ్చానండి."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "చెప్పకపోతే మీ అధ్యాయాన్ని నేనెలా నమ్మాలి?"

"అదొక్కటి వదిలేసి మిగతాదంతా రాశానండి. కూలి, జ్వరం, బట్టలు. అక్కడ వాళ్ళు చెప్పిన మాటలన్నీ ఉన్నాయి. అవి చాలకపోతే..." అని ఆగాను. చాలకపోతే ఏమిటో నాకూ తెలియదు. "చాలకపోతే చాలవండి. అది మాత్రం చెప్పలేను."

ఆయన నా థీసిస్ ముందుకీ వెనక్కీ తిప్పారు.

"మాటిచ్చినట్టు ఇందులో ఎక్కడ రాశారు?"

"ఎక్కడా రాయలేదండి."

"అదే మీ పొరపాటు. చెప్పకూడనిది మీ దగ్గర ఉంటే ఉండనివ్వండి. ఉందని, చెప్పట్లేదని, ఎందుకు చెప్పట్లేదో అయినా చదివేవాడికి తెలియాలి కదా. పద్ధతి గురించి రాసిన అధ్యాయంలో ఒక పేరా చేర్చండి. అది చేర్చాక నేను సంతకం పెడతాను." మేడం వైపు తిరిగి, "రైలుకి ఇంకా టైముందండీ" అన్నారు.

డిపార్టుమెంటులోనే, మేడం గదిలో, ఆవిడ కుర్చీలోనే కూర్చుని రాశాను. ఆ కుటుంబాల జీవనాధారానికి సంబంధించిన కొంత సమాచారాన్ని, వాళ్ళ కోరిక మీద ఇక్కడ పొందుపరచలేదని రాశాను. ఆ లోపానికి మన్నించమన్నట్టుగా ముందు 'దురదృష్టవశాత్తు' అని మొదలుపెట్టాను.

మేడం నిలబడే చదివారు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, 'దురదృష్టవశాత్తు' అన్న ఒక్క మాట కొట్టేశారు. మిగతా వాక్యం అలాగే ఉంచి, పక్కన తన సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చి, "వెళ్ళు, ఆయనకివ్వు. తర్వాత ఇంటికెళ్ళు, పిల్ల ఎదురుచూస్తుంటుంది" అన్నారు.